రాళ్లమిట్ట స్టాపులో ఎక్కినవాళ్ళు

గ్రామ సచివాలయం గోడకు అతికించిన పటంలో పాకాల రోడ్డు ఎర్రటి గీత. ఆ గీత మీద అక్కడక్కడా తెల్లటి గుండ్రాలు, ఒక్కో గుండ్రం ఒక్కో బస్సు స్టేషను. డ్యూటీ దిగి వస్తున్న స్టెల్లక్క టిఫిను క్యారియరు చేతిలో అలాగే పట్టుకుని, వేలితో గీత వెంబడి తిరుపతి వైపు నుంచి మా ఊరి వైపు వచ్చింది. ఇంజనీరింగు కాలేజీ దగ్గర ఒక గుండ్రం ఉంది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అవతల మరొకటి ఉంది. రెండింటి నడుమ రాళ్లమిట్ట ఉండాలి. ఊరి పేరైతే ఉంది, చిన్న అక్షరాల్లో. పేరు పక్కన గుండ్రం లేదు.

సచివాలయంలో పనిచేసే అమ్మాయి అందరికీ విడమరిచి చెబుతోంది. రోడ్డు నడిమధ్యన బస్సులకు మాత్రమే వేరే దారి వేస్తారట. దానికి రెండు పక్కలా ఇనప కమ్మీలు కడతారట. ఆటోలు, లారీలు, మోటారు సైకిళ్ళు అందులోకి దూరవు కాబట్టి బస్సు ఎక్కడా ఇరుక్కోకుండా తిరుపతి చేరుతుందట. విన్నవాళ్ళంతా బాగుందన్నారు. అది నిజంగా బాగున్న మాటే. ఆ రోడ్డు మీద సాయంత్రంపూట బస్సులో నిలబడి వచ్చిన వాళ్ళెవరూ కాదనరు.

"మరి మేం యాడ ఎక్కాల?" అని స్టెల్లక్క అడిగింది.

గుండ్రం ఉన్నచోట తప్ప బస్సు ఆగదనీ, కాలేజీ దూరం కాబట్టి ఫ్యాక్టరీ అవతలికి నడవాల్సి వస్తుందనీ ఆ అమ్మాయి చెప్పింది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే వచ్చే శుక్రవారం కాలేజీ పక్క కల్యాణ మంటపంలో మీటింగు ఉంది, అక్కడ చెప్పుకోవచ్చంది. స్టెల్లక్క ఇంటికి వచ్చేసింది. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదని వాళ్ళమ్మాయి అమల మా ఇంట్లో చెప్పింది.

స్టెల్లక్క కార్వేటినగరం దగ్గర పల్లె నుంచి మా ఊరికి కోడలై వచ్చింది. భర్త దయానంద్ ఇళ్ళకు రంగులు వేసేవాడు. కామెర్లు ముదిరి చనిపోయాడు. అప్పటికి అమల ఇంకా చిన్నబడిలోనే ఉంది. ఆ ఏడాదే స్టెల్లక్క తిరుపతిలో ఒక పెద్ద ఆస్పత్రి లాండ్రీలో చేరింది. ఆపరేషను గదుల్లో వాడిన ఆకుపచ్చ గుడ్డలు, వార్డుల్లోని తెల్ల దుప్పట్లు మూటలుగా వస్తాయి. వాటిని ఉడికించి, పిండి, ఆరబెట్టి, మడత పెట్టాలి. పని తెల్లవారక ముందే మొదలవుతుంది. ఆలస్యంగా వస్తే ఆ రోజు లోపలికి రానివ్వరు. కొన్నిసార్లు అలా జరిగితే ఇక రావద్దంటారు. అందుకే ఆమె జీవితమంతా మొదటి బస్సు చుట్టూ తిరుగుతుంది. వంట, స్నానం, ప్రార్థన అన్నీ ఆ బస్సు రాకముందే. మనిషి పెద్దగా మాట్లాడదు. చేతికి ఏది దొరికినా మడత పెడుతుంది. కూర్చున్నచోట తన కొంగు, బస్సు టికెట్టు, ఎదుటివాళ్ళ తువ్వాలు ఏదైనా సరే.

పోయినసారి మామిడికాయల కాలంలో మా స్టాపు దగ్గర కల్వర్టు పని జరిగింది. కొన్నాళ్ళు బస్సు ఫ్యాక్టరీ అవతలే ఆగేది. ఆ కాలంలో ఫ్యాక్టరీ గోడ పొడవునా తోతాపురి కాయల లోడుతో లారీలు, ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉంటాయి. వాటికీ రోడ్డుకూ మధ్య మనిషి పక్కకు తిరిగి నడవాల్సినంత చోటే మిగులుతుంది. వీధి దీపం ఉండదు. ఒక తెల్లవారుజామున వెనక నుంచి వచ్చిన లారీ అద్దం ఆమె కుడి భుజాన్ని తాకింది. లారీ ఆగలేదు. అప్పటి నుంచి ఆ చెయ్యి భుజం కన్నా పైకి లేవదు. లాండ్రీలో ఆమెను పిండే పని నుంచి మడతల బల్ల దగ్గరికి మార్చారు. అంతకన్నా తేలిక పని అక్కడ లేదు. ఆ గోడ వెంబడి ఇంకెప్పుడూ నడవననీ, అమలను నడవనివ్వననీ ఆమె అప్పుడే అనుకుంది. స్టాపు పోతే ఉద్యోగం పోతుంది. ఆ ఇంటికి ఇంకో సంపాదన లేదు.

శుక్రవారం సగం రోజు సెలవు పెట్టి మీటింగుకు వెళ్ళింది. నన్ను తోడు రమ్మంది. మంటపంలో ఫ్యాన్లు గట్టిగా తిరుగుతున్నాయి, మైకులో మాట ఏదీ తెలియడం లేదు. దుకాణాలవాళ్ళు, ఆటోవాళ్ళు ముందు వరసల్లో కూర్చుని ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. చివరికి మా వంతు వచ్చేసరికి బల్ల వెనక పటాలు వేసిన కంపెనీ అమ్మాయి ఒక్కతే మిగిలింది. పేరు పూజిత. ఎండలో తిరిగి ముఖం కమిలిపోయి ఉంది. స్టెల్లక్క చెప్పిందంతా ఓపిగ్గా విని, కంప్యూటరు తెరిచి చూసింది. పోయినేడాది ఒక్కో స్టాపులో ఎంతమంది ఎక్కుతున్నారో మనుషుల్ని కూర్చోబెట్టి లెక్క తీశారట. రాళ్లమిట్టలో ఆ రోజు ఎక్కినవాళ్ళు లేరు. ఒక్కరూ లేరు.

రోజూ పొద్దున స్టాపు నిండా మేమే ఉంటామనీ, లేకపోవడమేమిటనీ స్టెల్లక్క అంది. ఆ లెక్క ఏ రోజు తీశారని నేను మెల్లగా అడిగాను. పూజిత తేదీ చెప్పింది. స్టెల్లక్క, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అది మా ఊరి గంగమ్మ జాతర రోజు.

జాతర రోజు తెల్లారక ముందు ఊరి వాకిట్లో, రోడ్డుకు ఈ పక్కన, వేపమండల తోరణం కడతారు. కట్టాక ఊళ్ళోవాళ్ళు పొలిమేర దాటరు, బయటివాళ్ళు లోపలికి రారు. చుట్టాలంతా ముందు రోజే వచ్చి చేరతారు. మర్నాడు తెల్లవారి అమ్మను సాగనంపాకే తోరణం విప్పుతారు. ఈ రోడ్డు మీద తిరిగే డ్రైవర్లందరికీ ఆ సంగతి తెలుసు. ఆ ఒక్కరోజు రాళ్లమిట్టలో బస్సు ఆపరు.

పూజిత ఇదంతా విని, తెర మీద ఆ తేదీ మళ్ళీ చూసింది. ఏ రోజు రమ్మంటారని మీ ఊరి పెద్దాయన్నే అడిగామండీ అంది. ఆ రోజైతే జనం బాగా ఉంటారు, ఆ రోజే రండి అని ఆయన మరీ మరీ చెప్పాడట. పేరు అక్కర్లేకపోయింది. తోరణం కట్టే హక్కున్న పెంచలయ్య తప్ప ఊరి తరఫున అలా మాట్లాడేవాళ్ళు ఇంకొకరు లేరు.

పూజిత బయటికి వెళ్ళి చాలాసేపు ఫోనులో మాట్లాడింది. తిరిగి వచ్చి, మళ్ళీ లెక్క తీయడానికి పైవాళ్ళు ఒప్పుకున్నారని చెప్పింది. గుంపులు గుంపులు ఉండక్కర్లేదు, పొద్దున బస్సులకు మనుషులు నిజంగా ఎక్కుతున్నారని తెలిస్తే చాలు. కానీ లెక్క తీసే కుర్రాళ్ళంతా గురువారం నుంచి ఇంకో రోడ్డుకు పోతారు. మంగళవారం దాకా వేరేచోట పని ఉంది. శనివారానికి పటం పంపెయ్యాలి. మిగిలింది బుధవారం పొద్దున ఒక్కటే.

స్టెల్లక్క బల్ల అంచు పట్టుకుంది. ఆ బుధవారమే ఈ యేటి జాతర. ముందు రోజు రాత్రే డప్పు కొట్టి చాటింపు వేశారు.

"ఇంకొక రోజు కుదరదామ్మా?" అంది.

"కుదరదక్కా. అదే అడిగి వచ్చాను," అంది పూజిత. ఆ అమ్మాయి గొంతులో అబద్ధం లేదు.

ఆ సాయంత్రం స్టెల్లక్క పెంచలయ్య ఇంటికి వెళ్ళింది. ఆయన వసారాలో కూర్చుని తోరణానికి కొబ్బరి పీచుతో తాడు పేనుతున్నాడు. విషయం చెబితే మొదట తనకేమీ తెలియదన్నాడు. లోపల్నుంచి ఆయన భార్య బయటికి వచ్చి, "తెలీకేమి, పెండ్లిసూపులకు పిల్సినట్టు పిల్సినాడు. ఊరంతా తలకు పోసుకోని పూలు పెట్టుకోని ఉంటాది, సూసి పోండి అని," అంది. పెంచలయ్య తాడు కింద పెట్టాడు.

"ఊరు కళకళలాడతా ఉంటే సూస్తారని పిలిసినా మ్మే. వాళ్ళు రోడ్డు మింద కుర్సీ ఏసుకోని బస్సుల్ని సూస్తారని నాకేం ఎరుక," అన్నాడు.

జాతరను ఒక్కరోజు వెనక్కి జరపమని అడగడానికి ఆమె రాలేదు. అయినా ఆయనే ముందుగా కాదన్నాడు. చాటింపు వేశాక దేవుడు దిగివచ్చి అడిగినా మారదన్నాడు. మీ యేసు ప్రభువుకు పొలిమేర లేదు, నీకేం, నువ్వు పోయి ఎక్కు అన్నాడు. స్టెల్లక్క వసారా మెట్టు మీద కూర్చుని, ఆయన పక్కనున్న తువ్వాలు తీసుకుని మడత పెడుతూ, తోరణం ఎప్పుడు కడతారని అడిగింది. సూర్యుడు కనపడక ముందే కట్టాలని చెప్పాడు. కట్టక ముందే బయటికి పోయినవాళ్ళ సంగతేమిటని అడిగింది.

"వాళ్ళు బైటే ఉండాల. మర్నాడు అమ్మను పంపిందాక లోపలికి అడుగు పెట్టకూడదు."

"పోగూడదని ఐతే లేదు గదా మామా?"

పెంచలయ్య తాడు మళ్ళీ చేతికి తీసుకున్నాడు.

"లేదు," అన్నాడు. "అయితే ఎవురు పోతారు మ్మే, జాతర ఇడ్సిపెట్టి?"

అదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్న పట్టుకుని ఆమె శని, ఆదివారాల్లో ఇల్లిల్లూ తిరిగింది. రోజూ తనతో బస్సెక్కే ఆడవాళ్ళ ఇళ్ళకే వెళ్ళింది. గెస్ట్‌హౌసుల్లో ఊడ్చేవాళ్ళు, పూలదండల షెడ్డులో పనిచేసేవాళ్ళు, హోటళ్ళలో కూరగాయలు తరిగేవాళ్ళు. వాళ్ళకు స్టాపు ఎంత అవసరమో వేరే చెప్పాల్సిన పనిలేదు. వాళ్ళలో సగం మంది ఆ ఫ్యాక్టరీ గోడ వెంబడి నడిచినవాళ్ళే. ఎదురు చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. వస్తామన్నవాళ్ళూ లేరు. అందరూ పని చేసుకుంటూ విన్నారు. ఇంటి ముందు అలికిన చోట ముగ్గు వేసేవాళ్ళు ముగ్గు వేస్తూనే ఉన్నారు. వసారాల్లో బియ్యం పిండి విసురుతున్నారు, అంబలికి రాగులు నానుతున్నాయి.

మునెమ్మవ్వ మాత్రం నవ్వింది. ఊళ్ళో అందరికన్నా పాతకాపు ఆమె. గెస్ట్‌హౌసులో మెట్లు ఊడ్చి ఊడ్చి నడుం వంగిపోయింది. "నా మొగుడు జాతర నాడు పానం మిందికి తెచ్చుకున్నా నేను అమ్మకు పొంగలి పెట్టి, తోరణం ఇప్పినాకనే పోయినా గదమ్మే ఆస్పత్రికి. ఇప్పుడు బస్సు కోసరం మానాల్నా?" అంది. ఆ నవ్వులో ఏముందో స్టెల్లక్కకు అర్థం కాలేదు.

లోకేశ్వరి ఇంటి దగ్గర మాట ముదిరింది. పోయినేడాది ఆమె కొడుక్కు జ్వరం తలకెక్కి, బతకడన్నారు. బతికితే జాతర నాడు దీపాల కుండ ఎత్తుతానని మొక్కుకుంది. వాడు బతికాడు. ఆ కుండ కొత్తది తెచ్చి, సున్నం పూసి, దేవుడి గూట్లో పెట్టి ఉంది. స్టెల్లక్క చెప్పిందంతా విన్నాక లోకేశ్వరి చేటలోంచి తలెత్తింది.

"నీకు పొయ్యేదేముండాది స్టెల్లక్కా? మాకు ఏడాదికొకతూరి వచ్చే అమ్మ. మమ్మల్ని ఇడ్సిపెట్టమంటాండావు, నువ్వు ఇడిసేది ఏదో రవంత చెప్పు సూద్దాం."

జాతర రోజు స్టెల్లక్క ఊళ్ళోనే ఉంటుంది, లోకేశ్వరి పొంగలి తింటుంది, పొలిమేర దాటదు. అయినా అది ఇచ్చిపుచ్చుకునే మర్యాద. మొక్కు కాదు. "నిజమే," అని లేచి వచ్చేసింది. దారిలో మా ఇంటి దగ్గర ఆగి మంచినీళ్ళు అడిగింది. తాను అడగకూడనిది అడిగానా అని మా అమ్మను అడిగింది. మా అమ్మ ఇంకో చెంబు నీళ్ళు ఇచ్చింది. ఆమె వెళ్ళాక నాతో మాత్రం, ఆ పిల్ల అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు అంది.

మంగళవారం సాయంత్రానికి ఊరు చుట్టాలతో నిండిపోయింది. ప్రతి ఇంటి ముందూ మోటారు సైకిళ్ళు నిలబడ్డాయి. వీధిలో స్టెల్లక్క ఎదురైతే ఆడవాళ్ళు చూపు తిప్పుకుంటున్నారు. కోపంతో కాదు, ఏం చెప్పాలో తెలియక. ఎవరూ రాకపోతే ఏం చేద్దామని అమల అడిగింది. మనమిద్దరం ఎక్కుదాం అంది తల్లి. ఇద్దరు ఎక్కితే స్టాపు ఇస్తారా అని అమల మళ్ళీ అడిగింది. స్టెల్లక్క దీపం తగ్గించి పడుకుంది.

బుధవారం చీకటి ఉండగానే తల్లీకూతుళ్ళు స్టాపుకు వచ్చారు. మా అమ్మ, నేను వాళ్ళ వెనకే వచ్చాం. లెక్క తీసే అబ్బాయి రోడ్డు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆవులిస్తున్నాడు. పూజిత కూడా వచ్చింది, చున్నీ తలకు చుట్టుకుని ఉంది. ఊరి వాకిట్లో పెంచలయ్య, డప్పులవాళ్ళు ఉన్నారు. తోరణం ఒక కొస కరెంటు స్తంభానికి కట్టి ఉంది. రెండో కొస పెంచలయ్య చేతిలో ఉంది. వాకిలికి అటుపక్క పాతిన గుంజకు అది కట్టాలి. మేం తోరణం వచ్చే గీతకు ఇవతల, రోడ్డు వైపు నిలబడ్డాం.

చాలాసేపు మేం నలుగురమే. అప్పుడు మునెమ్మవ్వ వచ్చింది. చంకలో గుడ్డ సంచి, అందులో మాత్రలు, మారు చీర. ఎవరినీ పలకరించకుండా సిమెంటు అరుగు మీద కూర్చుంది. ఆమె వెనక ఒకరు, ఆ వెనక ఇద్దరు, తర్వాత పూలషెడ్డు పిల్లలు గుంపుగా వచ్చారు. అందరూ పని చీరల్లోనే ఉన్నారు, పూలు లేవు, పసుపు లేదు. స్టెల్లక్క ఒక్కొక్కరి ముఖం చూసి తలదించుకుంది. లోకేశ్వరి రాలేదు.

ఫ్యాక్టరీ వైపు నుంచి మొదటి బస్సు లైట్లు కనపడ్డాయి. అందరం లేచి రోడ్డు అంచుకు వచ్చాం. డ్రైవరు డప్పులను చూశాడు, తోరణం చూశాడు. ప్రతి ఏడూ చేసినట్టే రోడ్డుకు అటువైపు జరిగి, ఒక్క హారను కొట్టి దాటిపోయాడు. మా చీరలకు దుమ్ము కొట్టుకుంది.

కుర్చీలో అబ్బాయి పూజిత వైపు చూశాడు. నిలబడినవాళ్ళను రాయకూడదనీ, ఎక్కినవాళ్ళనే రాయాలనీ పూజిత చెప్పింది. అలా చెబుతుంటే ఆమె కళ్ళు స్టెల్లక్క మీదే ఉన్నాయి. తూర్పున కొండ పైభాగం తెల్లబడింది. ఇంకాసేపట్లో సూర్యుడు కనపడతాడు, తోరణం కట్టెయ్యాలి. కట్టాక మేం లోపలికి పోలేం. బస్సు ఎక్కకపోయినా పోలేం. జాతరా ఉండదు, స్టాపూ ఉండదు.

"లోపలికి వచ్చేవాళ్ళు ఇప్పుడే రాండమ్మా," అన్నాడు పెంచలయ్య. "మల్లా నన్ను అనొద్దు."

పూలషెడ్డు పిల్లల్లో ఒకతె ఏడుపు ముఖం పెట్టి గీత దాటి లోపలికి వెళ్ళిపోయింది. ఇంకొకామె ఒక అడుగు వేసి ఆగింది. వాళ్ళను పేరు పెట్టి పిలిచి ఆపాలని స్టెల్లక్కకు ఎంత అనిపించిందో ఆమె మెడ నరాలు చూస్తే తెలుస్తోంది. అయినా పిలవలేదు. మునెమ్మవ్వ అరుగు మీద మళ్ళీ కూలబడింది.

"నేను రానబ్బా. ఇంత పొద్దున్నే లేసి, నడుం పట్టుకోని ఇంత దూరం వచ్చింది ఆ అబ్బి కుర్సీ సూసేదానికా," అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. అడుగు వేసినామె వెనక్కి వచ్చింది.

లారీల వరస చివర రెండో బస్సు లైట్లు పడ్డాయి. స్టెల్లక్క రోడ్డు మీదికి నడిచింది. ఎడమ చెయ్యి ఎత్తి నిలబడింది. బస్సు వేగం తగ్గలేదు. హారను మోగుతూనే ఉంది. అమల పెద్దగా అమ్మా అని పిలిచింది. స్టెల్లక్క కదల్లేదు. కళ్ళు మూసుకుందో లేదో నాకు కనపడలేదు.

అప్పుడు పెంచలయ్య తోరణం కొస పట్టుకుని రోడ్డు మీదికి వచ్చాడు. వేపాకులు ఆయన వెనక నేలను రాసుకుంటూ లేచాయి. ఆ తాడు ఊరి వాకిలి వెడల్పుకు పేనింది, రోడ్డు సగానికి కూడా చాలలేదు. చాలనిచోట ఆయనే నిలబడ్డాడు. బస్సు కీచుమంటూ ఆ ఆకులకు కొంచెం ఎడంగా ఆగింది.

డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. భయంతో చెమటలు పట్టి ఉన్నాడు. "ఏం పెద్దాయనా, జాతర నాడు నేను ఆపకుండా పోవాల్నని చెప్పిందే మీరు గదప్పా," అన్నాడు.

"ఇంగా కట్టలేదు. కట్టిందాక ఊరు తెరిసే ఉండాది," అన్నాడు పెంచలయ్య. "ఎక్కించుకో."

ఒక్కొక్కరం ఎక్కాం. మునెమ్మవ్వను ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. అబ్బాయి పెదవులు కదుపుతూ లెక్కపెడుతున్నాడు. స్టెల్లక్క అందరి వెనకా నిలబడింది. ఆమె మెట్టు మీద కాలు పెట్టబోతుంటే వాకిట్లోంచి పిలుపు వినపడింది. లోకేశ్వరి. తడి జుట్టు విరబోసుకుని, పసుపు పూసుకుని, తోరణం గీతకు అటువైపే ఆగింది.

"మునెమ్మత్త పొంగలి నేను పెడ్తా. ఎవురెవురు పోతాండారో అందరి కుండలూ పెడ్తా," అంది. "పొండి బిరీన, పొద్దెక్కతా ఉండాది."

బస్సు కదిలాక వెనక అద్దంలోంచి చూశాను. పెంచలయ్య తాడు గుంజకు ముడి వేస్తున్నాడు. డప్పులు మొదలయ్యాయి. కాలేజీ దాటేదాకా ఆ చప్పుడు వినపడుతున్నట్టే ఉంది.

ఆ రోజు అందరూ ఎవరి పనికి వాళ్ళు పోయారు. సాయంత్రం మునెమ్మవ్వ పనిచేసే గెస్ట్‌హౌసు మేనేజరు పెద్ద మనసు చేసుకుని హాలు ఇచ్చాడు. స్టెల్లక్క దుప్పట్లు పరిచింది. ఇప్పుడు అంబలి పోస్తుంటారు, ఇప్పుడు వేషాలు వస్తుంటాయి అని మునెమ్మవ్వ చెబుతూ ఉంటే, ఒకామె గోడ వైపు తిరిగి పడుకుని ఏడ్చింది. స్టెల్లక్క ఆమె పక్కనే కూర్చుంది.

మర్నాడు పొద్దున మేం దిగేసరికి స్టాపులో కుర్చీ లేదు. అమ్మను సాగనంపిందాకా రోడ్డు పక్కనే నిలబడ్డాం. తోరణం విప్పాక లోకేశ్వరి అంబలి చెంబుతో ముందుగా వచ్చి, మునెమ్మవ్వకు పోసి, తర్వాత స్టెల్లక్క దోసిట్లో పోసింది.

పని అంతటితో అయిపోలేదు. తర్వాతి రోజుల్లో పూలషెడ్డు పిల్లల్లో ఒకామె ఇంట్లో చిన్నదానికి ఒళ్ళంతా పొక్కులు పోశాయి. జాతర వదిలి పోయినందుకే అమ్మ పోసిందని వీధిలో గుసగుసలు లేచాయి. ఆ మాటలు స్టెల్లక్క ఇంటి ముందు కొంచెం గట్టిగా వినపడేవి. ఆమె డ్యూటీ నుంచి రాగానే వేపాకు కోసుకుని ఆ ఇంటికి పోయి, పిల్ల పక్కన పరిచి వచ్చేది. గడప దగ్గర ఆమెను ఎవరూ రావద్దనలేదు, రమ్మని కూడా అనలేదు. ఒకరోజు మునెమ్మవ్వ వీధిలో నిలబడి, "ఎండాకాలంలో పొయ్యకుండా చలికాలంలో పోస్తాదా అమ్మ? మా ఇంట్లో జాతర మాననోళ్ళకే మూడుసార్లు పోసింది," అని తిట్టాక గొంతులు తగ్గాయి. పిల్లకు తగ్గి తలకు పోసేదాకా స్టెల్లక్క సరిగ్గా నిద్రపోలేదు.

ఈలోపు శనివారం వచ్చి పోయింది. పూజిత నుంచి కబురు లేదు. ఆ పై వారంలో ఒక మధ్యాహ్నం మడతల బల్ల దగ్గర ఉండగా స్టెల్లక్కకు ఫోను వచ్చింది. యంత్రాల హోరులో వినపడక వరండాలోకి వచ్చింది.

"పెట్టామక్కా. రాళ్లమిట్ట పటంలో ఉంది," అంది పూజిత.

స్టెల్లక్క గోడకు ఆనుకుంది.

"స్టేషను నడి రోడ్లో గదమ్మా ఉండేది," అంది స్టెల్లక్క. "ఇటు పక్క లారీలు, అటు పక్క లారీలు. మునెమ్మత్తలాంటోళ్ళు అంతదాకా ఎట్ల పోయేది?"

దాటడానికి సిగ్నలు పెట్టాలా, పైన వంతెన కట్టాలా అన్నది ఇంకా తేలలేదట. వంతెన కట్టమనేవాళ్ళే ఎక్కువ ఉన్నారట. వచ్చే గురువారం దాని మీద మళ్ళీ మీటింగు ఉందనీ, వచ్చి చెబితే బాగుంటుందనీ పూజిత అంది.

మెట్లెక్కాల్సిన వంతెన అయితే మునెమ్మవ్వ వల్ల కాదు. స్టెల్లక్క ఏ టైముకు రావాలో అడిగి ఫోను పెట్టేసింది. ఇంకో పూట సెలవు అడగడానికి సూపర్‌వైజరు గది వైపు నడిచింది.